పులుపుకు పెట్టిన పేరు: గుంటూరు–ప్రకాశం మైదానంలో ‘నిమ్మ ఉప్పు’ గృహచరిత్ర

వ్యాససంగ్రహం:
సిట్రిక్ ఆమ్లాన్ని తెలుగు ఇళ్లలో ‘నిమ్మ ఉప్పు’ అంటారు. రసాయనశాస్త్రం ప్రకారం అది ఉప్పు కాదు. నేటి తయారీ పద్ధతి ప్రకారం అది నిమ్మ నుంచి వచ్చినదీ కాదు. అయినా ఆ పేరు నిలిచింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానంలో పులుపు అనే రుచికి ఉన్న పదాలు, పంటలు, పాత్రలు, శ్రమ ఆధారంగా ఈ తెల్లని పలుకు ఇంట్లోకి ఎలా ఒదిగిందో, ఏ పనుల్లో పాత పులుపులకు బదులు నిలిచిందో, ఏ పనుల్లో నిలవలేకపోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పేరు నిమ్మను గుర్తుచేస్తున్నా, ఈ పదార్థపు నిజమైన చరిత్ర ‘పులియు’ అనే ధాతువులో ఉన్నదని ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: నిమ్మ ఉప్పు, సిట్రిక్ ఆమ్లం, పులుపు, చింతపండు, గోంగూర, ఊరగాయ, గుంటూరు, ప్రకాశం, గృహచరిత్ర, పదచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

‘నిమ్మ ఉప్పు’ అన్న మాటలో రెండు పొరపాట్లు ఉన్నాయని రసాయనశాస్త్ర అధ్యాపకులు తరగతిలో చెబుతుంటారు. అది లవణం కాదు, ఆమ్లం. పైగా నేడు దానిని నిమ్మపండు నుంచి తీయడం లేదు. శాస్త్రదృష్టిలో ఈ రెండు అభ్యంతరాలూ సరైనవే. కాని భాషాచరిత్రను, గృహచరిత్రను చదివేవారికి పొరపాటు పేరు కూడా ఒక ఆధారమే. కొత్త పదార్థం ఇంటికి వచ్చినప్పుడు ఆ ఇంటివారు దానిని అప్పటికే తమకు తెలిసిన దేని పక్కన పెట్టారో ఆ పేరు చెబుతుంది.

ఈ పరిశీలనకు ఎంచుకున్న ప్రాంతం పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానం, దానిని ఆనుకొని ఉన్న పల్నాటి మెట్ట, ఒంగోలు తీరం. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మార్చుకుంది. 2022 పునర్వ్యవస్థీకరణతో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరుపడ్డాయి. పాలనా సరిహద్దులు ఎన్నిసార్లు మారినా ఈ నేల భోజనంలో ఒక లక్షణం మారలేదు. ఇక్కడ కారం పక్కన పులుపు తప్పనిసరి. గుంటూరు కారం గురించి చాలా రాశారు. ఆ కారాన్ని మోసే పులుపును మాత్రం అంతగా పట్టించుకోలేదు. ఈ వ్యాసం ఆ రెండవదానికి సంబంధించినది.

2. పులుపు: పదమూ పదార్థమూ:

తమిళ, మలయాళ భాషల్లో ‘పుళి’ అంటే పులుపూ అవుతుంది, చింతపండూ అవుతుంది. రుచికీ, ఆ రుచినిచ్చే కాయకూ అక్కడ ఒకే మాట. తెలుగు ఈ రెంటినీ విడదీసింది. చెట్టు ‘చింత’ అయింది. రుచి ‘పులుపు’గా మిగిలింది. అందువల్ల తెలుగులో ‘పులి’ అనే అంశ ఏ ఒక్క కాయకూ కట్టుబడలేదు. పులుసు, పులిహోర, పచ్చిపులుసు, మజ్జిగపులుసు అన్న మాటలన్నింటిలోనూ అదే ధాతువు ఉంది. కాని వాటిలో పులుపునిచ్చేది ఒకచోట చింతపండు, మరొకచోట పెరుగు, ఇంకొకచోట నిమ్మరసం లేదా మామిడి. ‘పులిచింత’ అనే చిన్న మొక్క పేరులోనైతే రుచిపదమూ, చెట్టుపదమూ పక్కపక్కనే నిలిచాయి.

ఈ విభజనకు ఒక ఫలితం ఉంది. రుచి ఒక వస్తువు నుంచి మరొక వస్తువుకు మారగలదన్న భావన తెలుగు వంటభాషలో ముందు నుంచే ఉంది. నిమ్మకాయ పులిహోర అన్న పేరు తెలుగు చెవికి వింతగా వినిపించదు. ‘పుళి’ అంటే చింతపండు అయిన భాషలో అదే నిర్మాణం కొంత వైరుధ్యాన్ని మోస్తుంది.

ఈ ధాతువుకు ఇంకొక కొమ్మ ఉంది: పులియు, పులియబెట్టు. పిండి పులుస్తుంది, మజ్జిగ పులుస్తుంది, కలి పులుస్తుంది. అంటే పులుపు కాయలో దొరికేది మాత్రమే కాదు. కాలం గడిచేకొద్దీ పాత్రలో పుట్టేది కూడా. బియ్యపు కడుగును, గంజిని రోజుల తరబడి కుండలో ఉంచి పులియబెట్టిన తరవాణి ఇందుకు ఉదాహరణ. ఆయుర్వేదం ‘కాంజికం’ అన్న పేరుతో చెప్పేది ఇటువంటి పులిసిన ద్రవాన్నే. ఈ రెండవ అర్థం ఈ వ్యాసానికి కీలకం. నిమ్మ ఉప్పు నేడు ఎలా తయారవుతుందో చెప్పేటప్పుడు మళ్లీ దీని దగ్గరకే రావలసి ఉంటుంది.

ఇక ‘ఉప్పు’ విషయం. తెలుగు వాడుకలో ఉప్పు ఒక రుచి మాత్రమే కాదు, ఒక రూపం కూడా. నీటిలో కరిగే తెల్లని పలుకు ఏదైనా ఉప్పే. సోడా ఉప్పు, భేది ఉప్పు, పెట్లుప్పు అన్న పేర్లు ఇందుకు సాక్ష్యం. వీటిలో ఏదీ కూరలో వేసే ఉప్పు కాదు. చినగంజాం, కనుపర్తి ఉప్పు కొఠార్లలో సముద్రపు నీరు ఎండి పలుకులు కట్టడాన్ని తరతరాలుగా చూసిన ప్రాంతం ఇది. ద్రవంలో దాగిన సారం ఎండితే పలుకుగా తేలుతుందన్న అనుభవం ఇక్కడి వారికి కొత్త కాదు. ఆ దృష్టితో చూస్తే ‘నిమ్మ ఉప్పు’ అజ్ఞానంతో పెట్టిన పేరు కాదు. నిమ్మరసపు సారం పలుకు కట్టిందన్న వివరణ అది. తొలి దశలో ఆ పదార్థాన్ని తయారుచేసిన పద్ధతికి ఈ వివరణ చాలా దగ్గరగా ఉందని మున్ముందు చూస్తాం.

పాఠ్యపుస్తకాలు ‘సిట్రిక్ ఆమ్లం’ అంటాయి. కడుపు ఉబ్బరానికి నీటిలో కలుపుకొని తాగే కొన్ని పొడుల పొట్లాలపై ‘నింబుకామ్లం’ అన్న సంస్కృత రూపం కనిపిస్తుంది; దాని తోడుగా సోడాకు ‘స్వర్జికాక్షారం’ అని ఉంటుంది. ఒకే పదార్థానికి తరగతి గదిలో ఒక పేరు, మందుల దుకాణంలో ఒక పేరు, కిరాణా కొట్టులో ఒక పేరు. ఇంటిలో బతికింది మూడవదే.

3. మైదానపు పులుపులు: కాలం, పాత్ర, శ్రమ:

నిమ్మ ఉప్పు రాకముందు ఈ మైదానంలో పులుపు ఋతువును బట్టి నడిచింది. కొత్త చింతపండు వేసవి ముందు వస్తుంది. ఏడాదికి సరిపడా కొని, గింజ తీసి, ఈనెలు లాగి, ఉప్పు చల్లి, ముద్దలు కట్టి జాడీకెత్తుతారు. మామిడి ఎండాకాలపు పులుపు. చింతచిగురు కొద్ది రోజుల పులుపు. గోంగూర వానకారు పులుపు. గోగు ప్రధానంగా నారపంట. పత్తి, మిరప, జొన్న చేల అంచుల్లో దానిని చల్లడం ఇక్కడి రైతులకు అలవాటు. నార చేనుకు, ఆకు వంటింటికి. గోగు కూరే గోంగూర అయింది. చుక్కకూర, ఉసిరి, దబ్బ, నారింజ ఈ పట్టికలో తరువాతివి.

రసాయనికంగా ఇవన్నీ ఒకటి కావు. చింతపండు పులుపు ప్రధానంగా టార్టారిక్ ఆమ్లానిది. పచ్చిమామిడిలో సిట్రిక్, మాలిక్ ఆమ్లాలు ఉంటాయి. చుక్కకూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. మజ్జిగది లాక్టిక్ ఆమ్లం. నిమ్మరసంలో మాత్రం సిట్రిక్ ఆమ్లమే ప్రధానం. రసంలో అది సుమారు 5 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. నాలుక వీటన్నింటినీ పులుపు అనే అంటుంది. కాని వంట చేసేవారు వీటిని ఒకటిగా ఎన్నడూ వాడలేదు. పప్పుకు చింతచిగురు వేరు, మామిడికాయ వేరు, చుక్కకూర వేరు.

పులుపు పాత్రలను కూడా నిర్ణయించింది. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుపు వండితే చిలుము పడుతుందని, అది విషమని అందరికీ తెలుసు. అందుకే పులుసుకు రాచ్చిప్ప, చారుకు సత్తు గిన్నె, ఊరగాయకు జాడీ. ఊరూరా తిరిగి కళాయి వేసే వృత్తికి బతుకునిచ్చిన కారణాల్లో పులుపు ఒకటి. వంటలో వరుసను కూడా పులుపే నిర్ణయించింది. పులుపు ముందు పడితే పప్పు ఉడకదు అన్నది ప్రతి ఇంటి సూత్రం. ఆమ్లం కాయధాన్యాల కణగోడలలోని పెక్టిన్‌ను త్వరగా కరగనివ్వదని శాస్త్రం దీనికి కారణం చెబుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉండే మెట్ట గ్రామాల్లో పప్పు ఉడకడం అసలే కష్టం. అక్కడ ఈ సూత్రాన్ని తప్పిన కోడలికి మాట పడక తప్పేది కాదు.

కారం ఈ పులుపు మీదికి తరువాత వచ్చి చేరింది. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసుల రాక తరువాతే భారతదేశంలో వ్యాపించింది. అంతకుముందు కారం మిరియానిది. మిరప పేరు కూడా ఆ మిరియం నుంచి వచ్చిందే. కొండవీటి రెడ్డిరాజుల ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుని కాలానికి ఈ నేలపై మిరప లేదు. ఆయనవిగా ప్రసిద్ధమైన పల్నాటి చాటువుల్లో విసుగు కలిగించేది జొన్నకూడు. జొన్న, సజ్జ వంటి ముతక ధాన్యపు ముద్ద గొంతు దిగడానికి ద్రవమైన పులుపు తోడు కావాలి. పులుసు ఈ ప్రాంతంలో అలంకారంగా కాక అవసరంగా నిలిచిందనడానికి ఇది ఒక కారణం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత వరి అన్నం విస్తరించింది. అయినా పులుసు తగ్గలేదు.

ఇంకొక చిన్న ఆధారం కొలతల్లో ఉంది. తెలుగు వంటలో చింతపండును తూకంతో చెప్పరు. ‘నిమ్మకాయంత చింతపండు’ అంటారు. తక్కువ కావాలంటే ‘ఉసిరికాయంత’ అంటారు. చింతపండు పులుపుకు కూడా నిమ్మకాయే కొలత. తెల్లని పులుపు పలుకు దుకాణానికి వచ్చినప్పుడు దానికి చింత పేరు కాక నిమ్మ పేరు రావడానికి రసాయన కారణం ఒకటుంది. అంతకుముందే నిమ్మ వంటభాషలో కొలమానమై ఉండడం ఆ పేరును సులభంగా నిలబెట్టింది.

4. ప్రయోగశాల నుంచి కిరాణా కొట్టుకు:

స్వీడన్ రసాయనవేత్త కార్ల్ విల్హెల్మ్ షీలే 1784లో నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని పలుకు రూపంలో వేరుచేశాడు. పద్ధతి సరళమైనది. వేడి రసంలో సున్నం కలిపితే కాల్షియం సిట్రేట్ అడుగుకు దిగుతుంది. దానిపై గంధకికామ్లం ప్రయోగిస్తే కాల్షియం విడిపోయి సిట్రిక్ ఆమ్లం మిగులుతుంది. ఆ ద్రవాన్ని మరిగించి చల్లారిస్తే పలుకు కడుతుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో మొదలైన వాణిజ్య ఉత్పత్తి ఇటలీ నిమ్మలపై ఆధారపడింది. ఆ దశలో ‘నిమ్మ ఉప్పు’ అన్న పేరు అక్షరాలా నిజం. నిమ్మ నుంచి తీసిన పలుకే అది.

1893లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వేమర్ కొన్ని బూజులు చక్కెర నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని పుట్టిస్తాయని గమనించాడు. 1917లో అమెరికాలో జేమ్స్ కరీ, ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్లబూజు ఈ పనిని సమర్థంగా చేస్తుందని నిరూపించాడు. 1919 నాటికి ఫైజర్ సంస్థ ఈ పద్ధతిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. తరువాతి దశాబ్దాల్లో ఇటలీ నిమ్మతోటల ఆధిపత్యం ముగిసింది. నేడు ప్రపంచంలో వాడే సిట్రిక్ ఆమ్లంలో అత్యధిక భాగం చక్కెర మడ్డి, మొక్కజొన్న పిండి వంటి వాటిని ఈ బూజుతో పులియబెట్టి తయారుచేసినదే. ఉత్పత్తిలో చైనాది మొదటి స్థానం.

ఈ నల్లబూజు మనకు తెలియనిది కాదు. నిలవ ఉంచిన ఉల్లిపాయల పై పొరల మీద మసిలా అంటే నల్లటి పొడి చాలావరకు ఇదే జాతి. దాని జ్ఞాతి అయిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్, సరిగా ఆరని మిరపకాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టించి గుంటూరు మిరప ఎగుమతులకు చిక్కు తెస్తుంది. ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టకూడదని పెద్దవాళ్లు హెచ్చరించేది కూడా బూజుకు భయపడే. ఏ కుటుంబానికి చెందిన జీవి నుంచి ఊరగాయను కాపాడడానికి ఇన్ని కట్టుబాట్లు పెట్టుకున్నామో, ఆ కుటుంబంలోని ఒక జీవే నేడు కంపెనీ ఊరగాయను నిలవ ఉంచే పులుపును తయారుచేస్తున్నది. తయారీ ముగిశాక బూజును వడగట్టి తొలగించి, ఆమ్లాన్ని శుద్ధిచేస్తారు కనుక దీనివల్ల తినేవారికి భయం లేదు. కాని చరిత్ర దృష్ట్యా ఇది గమనించదగినది. నిమ్మ ఉప్పు నేడు కాయ పులుపు కాదు, పులిసిన పులుపు. దాని వంశం నిమ్మచెట్టు కంటే తరవాణి కుండకు దగ్గర.

ఇంటికి చేరే దారుల్లో ఒకటి సోడా కొట్టు. హిరం కాడ్ 1872లో పేటెంట్ పొందిన గోళీసీసా తెలుగునాట గోళీసోడాగా స్థిరపడింది. సోడాలో నిమ్మకాయ పిండడం ఒక పద్ధతి. పంచదార పాకంలో నిమ్మ ఉప్పు కలిపి ఉంచుకోవడం మరొక పద్ధతి. మరొక దారి పెళ్లి వంట. రెండుచోట్లా ఒకే అవసరం ఉంది: ఎక్కువ మందికి, తక్కువ సమయంలో, ప్రతిసారీ ఒకే రుచి.

5. వంటింట్లో నిమ్మ ఉప్పు:

వంటలో దీని ఉపయోగాలను నాలుగు తరగతులుగా చూడవచ్చు.

5.1 పులుపు కోసం: నిమ్మరసంలో ఆమ్లం 6 శాతంగా లెక్కిస్తే 5 గ్రాముల నిమ్మ ఉప్పు సుమారు 80 మిల్లీలీటర్ల రసానికి సమానం. అంటే ఒక చెంచా పలుకు నాలుగైదు నిమ్మకాయల పని చేస్తుంది. నిమ్మకాయ పులిహోరలో రసాన్ని పొయ్యి దించిన తరువాతే కలపాలి, కాగితే చేదెక్కుతుంది. నిమ్మ ఉప్పుకు ఆ ఇబ్బంది లేదు. వందల మందికి వండేచోట ఇది పెద్ద సౌకర్యం. తెనాలి నిమ్మ మార్కెట్టు పక్కనే ఉన్న ప్రాంతంలో కూడా నిమ్మ ఉప్పు అమ్ముడుపోవడానికి మరో కారణం ధర. దాహం పెరిగే వేసవిలోనే నిమ్మ ధర పెరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో నిమ్మ ధర దేశమంతటా వార్త అయింది. పలుకు ధర ఎండను బట్టి అలా మారదు.

5.2 విరగడం కోసం: పాలను విరిచి పనీరు చేయడానికి లీటరు పాలకు సుమారు 2 గ్రాముల నిమ్మ ఉప్పును వేడినీటిలో కరిగించి పోస్తారు. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు ఆమ్లానికి గడ్డకడుతుంది. నిమ్మరసమూ ఈ పని చేస్తుంది. కాని కాయకాయకూ పులుపు మారుతుంది కనుక కొలత కుదరదు.

5.3 పాకం కోసం: పంచదార పాకంలో చిటికెడు నిమ్మ ఉప్పు వేస్తే పాకం తిరిగి పలుకు కట్టదు. ఆమ్లం పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టడం ఇందుకు కారణం. మిఠాయి చేసేవారు పాకంలో నిమ్మరసం పిండడం ఇదే సూత్రం.

5.4 నిలవ కోసం: ఆమ్లత సూచిక 4.6 కంటే తక్కువగా ఉన్న ఆహారంలో ప్రాణాంతకమైన బోటులిజం సూక్ష్మజీవి పెరగలేదు. ఆవకాయలో ఈ రక్షణను మామిడి పులుపు, ఉప్పు, నూనె, ఆవపిండి కలిసి ఇస్తాయి. కాయలో పులుపు తక్కువైతే ఊరగాయ చెడుతుందని పెద్దలు పుల్లని కాయనే ఎంచుకునేవారు. పుల్లని కాయ కోసం తోట వెదకడం ఒక నైపుణ్యం. కాయ ఎలాంటిదైనా పులుపును పైనుంచి సరిదిద్దగలగడం పరిశ్రమ పద్ధతి. కంపెనీ ఊరగాయల సీసాలపై ‘ఆమ్లత నియంత్రకం 330’ అన్న గుర్తు ఈ రెండవ పద్ధతికి చిహ్నం. ఆ 330 అన్న సంఖ్యే నిమ్మ ఉప్పు.

6. వంటింటి బయట: ఇత్తడి, నూలు, కుంకుమ, సున్నపు పొర:

పండుగ ముందు ఇత్తడి సామాను చింతపండుతో తోమడం ఇక్కడి ఆచారం. పులుపులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. నిమ్మ ఉప్పు కూడా అదే పని చేస్తుంది. పత్తి పండే నేలలో నూలుబట్ట మీద తుప్పు మరక తరచు ఎదురయ్యే సమస్య; నిమ్మరసం, ఉప్పు రుద్ది ఎండలో ఆరవేయడం పాత పద్ధతి. సిట్రిక్ ఆమ్లం ఇనుమును పట్టుకొని కరిగే రూపంలోకి తెస్తుంది కనుక ఇక్కడ నిమ్మ ఉప్పు నిమ్మకు నిజమైన ప్రత్యామ్నాయమే.

కుంకుమ విషయం ఇంకా ఆసక్తికరం. సంప్రదాయ పద్ధతిలో పసుపుకొమ్ములను నిమ్మరసం, వెలిగారం, పటికతో నానబెట్టి ఎరుపు తెప్పిస్తారు. పసుపులోని కుర్కుమిన్, వెలిగారంలోని బోరాన్ ఆమ్ల సమక్షంలో కలిసి ఎర్రని సమ్మేళనమవుతాయి. అంటే నిమ్మరసం ఇక్కడ పూజాద్రవ్యంగా కాక రసాయన అవసరంగా ఉన్నది. దుగ్గిరాల పసుపు, తెనాలి నిమ్మ ఒకే డెల్టా అంచున కొద్ది మైళ్ల దూరంలో అమ్ముడయ్యే ప్రాంతంలో ఈ జ్ఞానం ఇంటి విద్యగా నిలవడం సహజం.

ప్రకాశం మెట్టలో మరొక వాడుక ఉంది. కఠినజలం కాచిన గిన్నెల్లో, గీజర్లలో తెల్లని సున్నపు పొర పేరుకుంటుంది. లీటరు నీటికి ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు వేసి మరిగిస్తే ఆ పొర నురుగుతో కరుగుతుంది. పొరలోని కాల్షియం కార్బొనేట్ ఆమ్లంతో కలిసి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. తెలుగు శాస్త్రపరిభాషలో కార్బన్ డయాక్సైడుకు ‘బొగ్గుపులుసు వాయువు’ అన్న పేరుండడం కూడా ‘పులుసు’ పరిధి ఎంత విస్తరించిందో చూపుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: శుభ్రపరిచేటప్పుడు నిమ్మ ఉప్పును బ్లీచింగ్ పౌడరుతో కలపకూడదు. కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

7. భర్తీ కానివి:

ఇంతవరకు చూసిన ఉదాహరణల్లో నిమ్మ ఉప్పు పాత పులుపులకు బదులుగా పనిచేసింది. పనిచేయనిచోట్లు మూడు ఉన్నాయి.

మొదటిది పోషణ. 1747లో బ్రిటిష్ నౌకావైద్యుడు జేమ్స్ లిండ్, స్కర్వీ రోగులకు వేర్వేరు పుల్లని పదార్థాలు ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్నవారు కోలుకున్నారు. వినెగరు, సజల గంధకికామ్లం తీసుకున్నవారు కోలుకోలేదు. రోగాన్ని తగ్గించింది పులుపు కాదని, పండులోని మరొక పదార్థమని ఆ ప్రయోగం సూచించింది. అది సి విటమిన్ అని 20వ శతాబ్దంలో తేలింది. నిమ్మ ఉప్పులో ఆ విటమిన్ లేదు. వడదెబ్బకు నిమ్మ ఉప్పు నీళ్లు తాగి నిమ్మరసం తాగామనుకోవడం పేరు చేసే మోసం.

రెండవది ఈ ప్రాంతానికి మరింత దగ్గరిది. కనిగిరి పరిసరాలు భూగర్భజలంలో ఫ్లోరైడుకు పేరుపడ్డాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, చింతపండు తిన్న బాలురలో మూత్రం ద్వారా ఫ్లోరైడు విసర్జన పెరిగినట్లు గుర్తించారు. చింతపండు ఫ్లోరోసిస్‌కు మందు అని దీని అర్థం కాదు. సురక్షితమైన నీరే దానికి పరిష్కారం. కాని ఒక పులుపుకు బదులు మరొకటి వేస్తే నాలుకకు తేడా తెలియకపోవచ్చు, శరీరానికి తెలుస్తుంది. గిన్నె మీది సున్నపు పొరను తీసే నిమ్మ ఉప్పు, నీటిలోని ఫ్లోరైడును తీయదన్నది కూడా చెప్పవలసిన మాట.

మూడవది ఆచారం. పెద్దలను చూడబోయేటప్పుడు చేతిలో నిమ్మపండు ఉండాలి. గుమ్మానికి పచ్చిమిరపకాయలతో కలిపి కట్టేది నిమ్మకాయనే. కొత్త బండి చక్రం కింద నలిగేది నిమ్మకాయే. అమ్మవారికి వేసేది నిమ్మకాయల దండ. ఈ చోట్లకు నిమ్మ ఉప్పు పొట్లం ఎన్నడూ రాలేదు. పండు నుంచి రుచిని విడదీయవచ్చు, పలుకు కట్టించవచ్చు. పండుకున్న గౌరవాన్ని మాత్రం విడదీయలేమని ఆచారం చెబుతున్నది. వంటింట్లో ఓడిన నిమ్మ గడప మీద గెలిచింది.

ఈ వ్యాసకర్త పెరిగిన ఇంట్లో నిమ్మ ఉప్పు సీసా పోపులపెట్టె దగ్గర ఉండేది కాదు. గిన్నెలు తోమే సామానుతో పాటు పెరటి గూట్లో ఉండేది. అతిథులు ఎక్కువై నిమ్మకాయలు చాలనప్పుడు అమ్మమ్మ దానిని లోపలికి తెప్పించేది. పని కాగానే తిరిగి పంపించేది. ఆ సీసా స్థానం ఒక వర్గీకరణ. వాడతాము, కాని వంట సరుకుల్లో లెక్కించము అన్న తీర్పు అందులో ఉంది. నేడు అదే పదార్థం దుకాణపు ఊరగాయలో, పానీయంలో, చిరుతిండిలో సంఖ్యారూపంలో వంటింటి నడుమకు వచ్చింది. అప్పుడు వాడినవారికి అదేమిటో తెలుసు. ఇప్పుడు తినేవారికి తెలియకుండానే చేరుతున్నది. సీసా మీద వివరాలు ఆంగ్లంలో గాని దేవనాగరి హిందీలో గాని ఉంటే చట్టానికి చాలు, తెలుగు ఐచ్ఛికం. నిమ్మ ఉప్పు అంటే వెంటనే తెలుసుకోగల స్త్రీకి 330 అన్న అంకె ఏమీ చెప్పదు. ఆరోగ్యపరంగా సిట్రిక్ ఆమ్లం హానికరమని ఇక్కడ వాదన కాదు. మితిమీరితే పళ్ల పింగాణీని అరగదీయడం తప్ప వంట మోతాదులో దానికి పెద్ద దోషం లేదు. తనకు తెలిసిన పేరుతో తెలుసుకునే హక్కు గురించి మాత్రమే ఈ వాదన.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• తెలుగు భాష పులుపు రుచిని చింత అనే వస్తువు నుంచి విడదీసింది. అందువల్ల కొత్త పులుపు పదార్థాన్ని స్వీకరించే వెసులుబాటు వంటభాషలో ముందే ఏర్పడింది.

• ‘నిమ్మ ఉప్పు’లోని ‘ఉప్పు’ రుచిని కాక పలుకు రూపాన్ని చెబుతుంది. ‘నిమ్మ’ ఆ పదార్థపు తొలి తయారీని, వంటభాషలో నిమ్మకున్న కొలమాన స్థానాన్ని గుర్తుచేస్తుంది. నేటి తయారీకి సరిపోయేది ‘పులియు’ అనే ధాతువు.

• మోతాదు, వేగం, ధర ముఖ్యమైన పనుల్లో నిమ్మ ఉప్పు నిలిచింది. పోషణ, ఆచారం ముఖ్యమైనచోట నిలవలేదు. పులుపులు పరస్పరం మారుగలవన్న భావనకు ఇది హద్దు.

• చింతపండు ఈనెలు తీయడం, పుల్లని కాయను ఎంచడం, పులుపుకు తగిన పాత్రను వాడడం అనే స్త్రీల జ్ఞానాన్ని చిటికెడు పలుకు అనవసరం చేస్తున్నది. ఆ జ్ఞానపు పదజాలం నిఘంటువుల్లో చేరకముందే వాడుక నుంచి జారిపోతున్నది.

• ఆహారపు సీసాలపై సంఖ్యతో పాటు ‘నిమ్మ ఉప్పు’ అన్న వాడుక పేరును తెలుగులో ముద్రించడం, శాస్త్రపరిభాషా కోశాల్లో ‘సిట్రిక్ ఆమ్లం’ పక్కన ఈ పేరును చేర్చడం అవసరం.

పల్నాటి మెట్టలో, ఒంగోలు తీరంలో, తెనాలి డెల్టాలో పులుపు పదాలను ఇంటింటా సేకరించే పని ఇంకా మిగిలి ఉంది. రాచ్చిప్పలో పులుసు కాచిన తరం మాట్లాడగలిగినప్పుడే ఆ పని జరగాలి.